కఠినమైన డైట్ మొదలుపెట్టే ముందు మందుల డబ్బా తెరిచి చూడండి

తెలుగునాట బరువు తగ్గడానికి జనం ఎక్కువగా పట్టుకున్న రెండు పద్ధతులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మంతెన సత్యనారాయణరాజు గారి పద్ధతిలో ఉప్పూ నూనే ఉండవు. కూరల రసాలు, మొలకలు, పండ్లు, చప్పిడి కూరలతో పుల్కాలు తినాలి. వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో అన్నం, పుల్కా, పప్పు, పండ్లు అన్నీ పక్కకు పోతాయి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు తప్పనిసరి. ఒకరు వద్దన్న నూనే రెండో పద్ధతికి మూలస్తంభం. అయినా రెండు పద్ధతుల్లోనూ బరువు తగ్గినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు.

ఇదెలా సాధ్యం? పళ్ళెంలోంచి పోయినవి రెండు చోట్లా దాదాపు ఒకటే. పొద్దున టిఫిన్‌లో ఐదో ఇడ్లీ, మధ్యాహ్నం రెండోసారి వడ్డించుకునే అన్నం, సాయంత్రం మిర్చి బజ్జీ, రోజంతా టీల్లో పడే పంచదార, రాత్రి మళ్ళీ అన్నం. ఒక మనిషి రోజుకు 150 గ్రాముల బియ్యం తగ్గిస్తే, అంటే సుమారు 400 గ్రాముల అన్నం మానేస్తే, 520 కేలరీలు తగ్గినట్టే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు తక్కువ ఆహారం, ఇంకో జట్టుకు పిండిపదార్థాలు తక్కువ ఆహారం ఏడాదిపాటు పెట్టి, 2018లో ఫలితాలు ప్రచురించింది. మొదటివాళ్ళు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు.

అందుకే "ఏ డైట్ మంచిది" అన్న వాదనలో నాకు పెద్దగా ఆసక్తి లేదు. కఠినమైన డైట్ వల్ల లాభం నిజంగానే ఉంది. ప్రమాదమూ నిజంగానే ఉంది. ఎవరికి ఏది ఎక్కువన్నది తేల్చేది వాళ్ళు వేసుకుంటున్న మందులు, వాళ్ళ రక్తపరీక్షల రిపోర్టులు, డైట్ ఆపేటప్పుడు ఎలా ఆపుతారన్న విషయం. ఇక్కడ ప్రధానంగా కీటో తరహా డైట్ గురించే, అంటే వీరమాచనేని గారి పద్ధతిలా పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచే డైట్ గురించే రాస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువగా మొగ్గేది దానివైపే, మందులతో చిక్కు ఎక్కువగా వచ్చేదీ అందులోనే.

లాభాల సంగతి ముందు చూద్దాం. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గితే బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒకరకం కొవ్వు) మూడూ దిగుతాయి. కాలేయంలో పేరుకున్న కొవ్వు కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే ప్రయోగంలో, షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని స్థూలకాయులకు మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ జబ్బు హద్దు కంటే కిందే ఉంది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మందికి. రెండేళ్ళకు మొదటి సంఖ్య 36 శాతానికి దిగింది. ఇంత పెద్ద ఫలితం ఒక డైట్‌తో వచ్చిందంటే దాన్ని కొట్టిపారేయలేం.

కానీ ఆ ప్రయోగంలో మొదటిరోజే ఏం చేశారో మనవాళ్ళు పట్టించుకోరు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటిరోజే ఆపించారు. ఆ తర్వాత పరీక్షలు చూసుకుంటూ, అవసరమైనవాళ్ళకు మాత్రమే మళ్ళీ మొదలుపెట్టారు. డైట్‌తో పాటు మందులు మార్చే డాక్టరు కూడా పక్కనే ఉన్నారన్నమాట. వీడియో చూసి ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకు లేనిది అదే.

కాబట్టి డబ్బా తెరిచి, ఒక్కో మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. కంపెనీ పెట్టిన పెద్దక్షరాల పేరు కాదు, దాని కింద ఉండే అసలు పేరు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఇవన్నీ ఒక కుటుంబం. తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయించడం వీటి పని. అన్నం మానేసి అదే మోతాదు వేసుకుంటే షుగర్ 70 కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు బైర్లు కమ్మడం, మాట తడబడటం మొదలవుతాయి. రాత్రి నిద్రలో పడిపోతే పక్కవాళ్ళకు కూడా తెలియదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకూ ఇదే ముప్పు. మెట్‌ఫార్మిన్‌తో ఒక్కదానితో ఈ భయం తక్కువ. అయితే మన దగ్గర గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిపిన మాత్ర చాలామంది వాడతారు. "నాది మెట్‌ఫార్మినే" అనుకుని ధైర్యంగా ఉంటే లాభం లేదు, అట్ట మీద రెండో పేరు కూడా చూడాలి. షుగర్ పడిపోయినప్పుడు కీటో సంగతి మర్చిపోయి, 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే మూడు టీస్పూన్లు, నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకోసారి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకో కుటుంబం ఉంది, ఇది మరీ జాగ్రత్తగా చూడాల్సింది. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటుంది: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్లు వేరు, వాటితో ఈ చిక్కు లేదు. చివరి అక్షరాలు సరిగ్గా చదవండి. గ్లిఫ్లోజిన్లు షుగర్‌ను మూత్రంలోకి వదిలేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులే. మన దగ్గర పేటెంట్ గడువు తీరాక చవకైపోయి, వాడకం బాగా పెరిగింది. చిక్కంతా వీటికి కీటో తోడైనప్పుడే. ఒకవైపు ఒంట్లోకి పిండిపదార్థం రావడం లేదు, ఇంకోవైపు ఉన్న కాస్త గ్లూకోజూ మూత్రంలో పోతోంది. ఇన్సులిన్ బాగా తగ్గిపోయి, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అదుపు తప్పి పెరుగుతాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. మామూలుగా డైట్‌లో ఉన్నవాళ్ళకు రక్తంలో కీటోన్లు లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటాయి. ఈ స్థితిలో అవి ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. గ్లూకోమీటరు మాత్రం 160, 180 అని మామూలు అంకెలే చూపిస్తుంది. "షుగర్ బాగానే ఉంది కదా, కీటో అలవాటయ్యేదాకా నీరసం ఉంటుందిలే" అని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణం మీదికొస్తుంది. గ్లిఫ్లోజిన్ వాడుతున్న మనిషికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా పెద్ద పెద్ద ఊపిరులు, మగతగా ఉండటం కనిపిస్తే, షుగర్ ఎంత ఉన్నా అత్యవసర విభాగానికి వెళ్ళి, ఏ మందు వాడుతున్నారో, ఏ డైట్ చేస్తున్నారో ముందే చెప్పి, కీటోన్ల పరీక్ష చేయమని అడగాలి. ఈ మందు ఆపినా ప్రభావం కొన్నిరోజులు ఉంటుంది. కాబట్టి డైట్ మొదలుపెట్టే రోజున ఆపితే సరిపోదు, ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. గుండె బలహీనతకో కిడ్నీ కోసమో రాసిన మందైతే అది ఆపడం కంటే కీటో మానుకోవడమే మంచిది.

బీపీ మాత్రల సంగతి కూడా ఇలాంటిదే. పిండిపదార్థాలు తగ్గించిన మొదటి వారంలో ఇన్సులిన్ దిగి, కిడ్నీలు ఉప్పును, దాంతోపాటు నీళ్ళను బయటికి వదిలేస్తాయి. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ (పిండిపదార్థాన్ని ఒళ్ళు దాచుకునే రూపం) సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఒక్కో గ్రాము మూడు గ్రాముల నీళ్ళను పట్టుకుని ఉంటుంది. మొదటివారం తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం ఈ నీళ్ళే. కాటా చూసి సంబరపడే ఆ వారంలోనే బీపీ కూడా పడిపోతుంది. టెల్మిసార్టన్‌తో పాటు క్లోర్‌థాలిడోన్ గానీ హైడ్రోక్లోరోథయజైడ్ గానీ (ఇవి నీటిమాత్రలు) కలిసిన మాత్ర వేసుకునేవాళ్ళు మంచం మీంచి లేవగానే తూలి పడేది ఇందుకే. మొదటి రెండు వారాలు రోజూ కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక రెండు నిమిషాలకు ఒకసారి బీపీ చూసుకుని కాగితం మీద రాసుకోండి. నిలబడినప్పుడు పై అంకె 20 పాయింట్లు, ఆపైన తగ్గుతుంటే డాక్టరుకు ఫోన్ చేయాలి.

తలనొప్పి, పిక్కలు పట్టేయడం, చిరాకు, నిస్సత్తువ. కీటో మొదటి వారంలో వచ్చే వీటన్నిటికీ చాలావరకు కారణం ఉప్పు పోవడమే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్ళు పలచటి మజ్జిగలోనో చికెన్ సూప్‌లోనో రోజుకు ఒక అర టీస్పూను ఉప్పు అదనంగా వేసుకుంటే రెండు మూడు రోజుల్లో తేలికపడతారు. ఉప్పు వేయకుండా నాలుగు లీటర్ల నీళ్ళు మాత్రం తాగేస్తే రక్తంలో సోడియం ఇంకా పలచనవుతుంది. వయసు మళ్ళినవాళ్ళలో, నీటిమాత్రలు వాడేవాళ్ళలో అది తికమకతో మొదలై ఫిట్స్ దాకా వెళ్ళగలదు. నాలుగు లీటర్లన్నది అందరికీ సరిపడే లెక్క కాదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, డయాలిసిస్ చేయించుకునేవాళ్ళకు డాక్టర్లు నీళ్ళ మీదే పరిమితి పెడతారు. మిగతావాళ్ళు దాహాన్ని బట్టి, మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా తాగితే చాలు.

రెండు మల్టీవిటమిన్ మాత్రలతో అన్నీ అందుతాయన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. బి విటమిన్లు, జింకు అందుతాయి, నిజమే. పొటాషియం మనకు రోజుకు 3,500 మిల్లీగ్రాముల దాకా కావాలి. మాత్రలో అది వంద మిల్లీగ్రాములు కూడా ఉండదు. కాల్షియం, మెగ్నీషియం కూడా ఒక చిన్న మాత్రలో పట్టవు. అవి పాలకూర, తోటకూర, గోంగూర, బీరకాయ, సొరకాయ, పెరుగు, చేపల నుంచే రావాలి. ఆకుకూరలు, కాయగూరలు రోజుకు అరకిలో దాకా తింటే పీచు కూడా అంది మలబద్ధకం ఇబ్బంది తగ్గుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. దుకాణాల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి వాడేవాళ్ళు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు దాన్ని వాడితే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. నిమ్మకాయల సలహా మాత్రం నాకు నచ్చుతుంది. కీటోలో కిడ్నీలో రాళ్ళు ఏర్పడే అవకాశం కొంత పెరుగుతుంది, నిమ్మలోని సిట్రేటు దాన్ని అడ్డుకోవడానికి పనికొస్తుంది.

కీటోలో కొవ్వు కోసం చాలామంది తాగే కొబ్బరి నూనె దగ్గరికొస్తే, 100 గ్రాముల్లో 80 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వే. 2,000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు సుమారు 22 గ్రాములు. అంతంత కొబ్బరి నూనె తాగితే కొందరికి ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) కొంచెమే పెరుగుతుంది, కొందరికి రెండింతలవుతుంది. ఎవరికి ఎలా అవుతుందో ముందు చెప్పలేం, ఆరు నుంచి ఎనిమిది వారాలకు రక్తపరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. "ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) పెరిగింది, ఎల్‌డీఎల్ పెరిగినా పర్వాలేదు" అన్న మాట బాగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. గుండెపోటు చరిత్ర ఉన్న ఇంట్లో, షుగర్ కూడా ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 190 అయితే అది పర్వాలేదనుకునే విషయం కాదు.

దీనికి దారి లేకపోలేదు. కొబ్బరి నూనె ఒకటి రెండు టీస్పూన్లకు పరిమితం చేసి, మిగతాది వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పల్లీలు, బాదం, గుడ్లు, చేపల నుంచి తీసుకుంటే పిండిపదార్థాలు తక్కువగానే ఉంటాయి, సంతృప్త కొవ్వు బాగా తగ్గుతుంది. ఇంకో సంగతి, 100 గ్రాముల నూనె అంటే 900 కేలరీలు. మూత్రంలో ముంచిన స్ట్రిప్ ముదురు రంగుకు మారిందంటే ఒంట్లో కీటోన్లు తయారవుతున్నాయని అర్థం. అవి పొట్ట దగ్గరి కొవ్వు నుంచి వచ్చాయా, పొద్దున తాగిన నూనె నుంచి వచ్చాయా అన్నది స్ట్రిప్ చెప్పదు. బరువు తగ్గడం ఆగిపోయినవాళ్ళు ముందు తగ్గించాల్సింది ఆ నూనెనే.

నూనె మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ప్రొటీన్ మీద పెట్టాలి. కఠినమైన డైట్‌లో తగ్గే బరువులో సుమారు నాలుగోవంతు కండ రూపంలో పోతుంది. కండ తగ్గితే మెట్లెక్కడం కష్టమవుతుంది, షుగర్‌ను వాడుకునే చోటు తగ్గిపోతుంది, బరువు తిరిగొచ్చేటప్పుడు కండ బదులు కొవ్వుగా వస్తుంది. ఉండాల్సిన బరువును బట్టి కిలోకు 1.2 గ్రాముల చొప్పున, అంటే 60 కిలోలు ఉండాల్సిన మనిషికి రోజుకు 72 గ్రాములు చూసుకోవాలి. మూడు గుడ్లలో 18, వండిన చికెన్ 150 గ్రాముల్లో 40 దాకా, 200 గ్రాముల పెరుగులో 7, కూరగాయలు, పల్లీల్లో మిగతాది. మాంసాహారులకు ఇది సులువే. శాకాహారులకు చాలా కష్టం. పప్పు మానేశాక పనీరు 100 గ్రాములు (18), ఎండు సోయా ముక్కలు 30 గ్రాములు (15), పెరుగు, పల్లీలు కలిపినా 50 దగ్గర ఆగిపోతుంది. అందుకే శాకాహారులు కఠినమైన కీటో బదులు, అన్నం ఒక కప్పుకు దించి పప్పు, శనగలు, పెసలు ఉంచుకునే పద్ధతి పాటించడం మేలని నా అభిప్రాయం. కొర్రలు, రాగులకు మారితే కీటో అయిపోయినట్టే అనుకునేవాళ్ళూ ఉన్నారు. వాటిలోనూ వందకు 60 నుంచి 70 గ్రాములు పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి మంచివే, కొలత మాత్రం తప్పదు. వారానికి రెండు మూడు రోజులైనా బరువులు ఎత్తడం, లేదా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని పుషప్‌లు చేయాలి. నడక ఒక్కటే కండను కాపాడదు.

ప్రొటీన్ ఏదైనా ఒకటే అనుకోవడం ఎంత ప్రమాదమో 1970ల చివర అమెరికాలో తెలిసింది. జంతువుల చర్మం, ఎముకల్లోంచి తీసిన కొల్లాజెన్‌తో చేసిన ద్రవం తప్ప ఇంకేమీ తినకుండా నెలల తరబడి గడిపినవాళ్ళలో పదుల మంది చనిపోయారు. చాలామందికి గుండె లయ తప్పింది. నాణ్యమైన ప్రొటీన్ లేదు, ఖనిజాలు లేవు, చూసే డాక్టరు లేడు.

మిగతా ఇబ్బందులు తొందరగా చెప్పేస్తాను. వేగంగా బరువు తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి మొలుస్తుంది, అప్పటికి ప్రొటీన్, ఐరన్ సరిచూసుకోవాలి. మొదటి వారాల్లో యూరిక్ యాసిడ్ పెరిగి, గౌట్ ఉన్నవాళ్ళకు బొటనవేలు వాచిపోవచ్చు. వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. నూనె బొత్తిగా మానేసిన డైట్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే కొవ్వు తగలకపోతే పిత్తాశయం సరిగ్గా ఖాళీ అవదు. అప్పటికే రాళ్ళున్నవాళ్ళు ఒక్కసారిగా నూనె తాగితే కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలవుతుంది. మొదటి వారం తర్వాత వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే అది చాలు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు, పిల్లలు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళు, క్లోమవాపు వచ్చినవాళ్ళు, తిండి విషయంలో మానసిక సమస్య ఉన్నవాళ్ళు కీటో జోలికే వెళ్ళకూడదు. సన్నగా ఉండి షుగర్ ఉన్నవాళ్ళు కూడా. మన దగ్గర అలాంటివాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళలో ఇన్సులిన్ తయారీయే తక్కువ ఉండొచ్చు, బరువు తగ్గించడం వల్ల వాళ్ళందరికీ మేలు జరుగుతుందని చెప్పలేం. మనవాళ్ళకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 23 లోపు ఉన్నవాళ్ళు నడుము కొలత మగవాళ్ళైతే 90, ఆడవాళ్ళైతే 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకుంటే సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాలేయ పరీక్ష, యూరిక్ యాసిడ్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. 40 దాటినవాళ్ళు ఈసీజీ కూడా. ఎనిమిది వారాలకు మళ్ళీ చేయించి, పాత కాగితం పక్కన పెట్టి చూడండి. నా దృష్టిలో కఠినమైన దశ 12 వారాలు దాటకూడదు.

డైట్ ఆపే తీరు మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది, దాని గురించి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. పెళ్ళిలో ఒక విందు తిని కాటా ఎక్కితే మర్నాడు కిలోన్నర పెరిగి ఉంటుంది. అది గ్లైకోజెన్‌తో తిరిగొచ్చిన నీళ్ళే, కంగారుపడి ఉపవాసాలకు దిగొద్దు. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే పరిశోధకుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరునెలలు అర్ధాకలితో ఉంచినప్పుడు, వాళ్ళకు రాత్రింబవళ్ళు తిండి గురించే ఆలోచన, ఆపాక కడుపు నిండినా ఆగని ఆకలి. కఠినమైన డైట్ ఆపినవాళ్ళకూ ఆ ఆకలి కొంత ఉంటుంది, అది మనోబలం లేకపోవడం కాదు. కాబట్టి మొదటి వారం మధ్యాహ్నం భోజనంలో 100 గ్రాముల అన్నం (28 గ్రాముల పిండిపదార్థం), లేదా అంతకు సరిపడా పప్పు, పండు చేర్చండి. చేర్చినంత మేర నూనె తీసేయండి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే. అన్నమూ వచ్చి నూనే మిగిలితే బరువు మళ్ళీ పెరుగుతుంది. వారానికి అంతే చొప్పున పెంచుకుంటూ రోజుకు 130 నుంచి 150 గ్రాముల పిండిపదార్థం దగ్గర ఆపితే ఎక్కువమందికి నిలుస్తుంది. ఈ మధ్యలో గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష ఉంటే, దానికి ముందు కనీసం మూడు రోజులు రోజుకు 150 గ్రాములు తినాలి, లేకపోతే షుగర్ లేనివాళ్ళకూ ఉన్నట్టు చూపిస్తుంది. అన్నం పెంచిన ప్రతి వారం రెండు మూడు రోజులు పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్, పొద్దున బీపీ రాసుకుని, తగ్గించిన మాత్రలు మళ్ళీ పెంచాలా అన్నది ఆ కాగితం చూపించి డాక్టరునే అడగండి.